వంతు కేసులు

తిరువళ్ళూరు మీదుగా మద్రాసు పోయే బండిలో ఏడేళ్ళు జామకాయలు అమ్మిన కనకమ్మ సత్రం ఊరి మునెమ్మ, పదిహేడు సార్లు శిక్షపడిన నేరస్తురాలు. ఈ మాట నాది కాదు, పోలీసు రిజిస్టరుది. ఆ రిజిస్టరు నోట్లో మన్నుపడ!

నేను తిరువళ్ళూరు పక్కనున్న మణవాళనగర్ నుంచి రోజూ అదే బండిలో పోయి, మద్రాసు కాలేజీలో సమాజశాస్త్రం చెప్పేవాణ్ణి. నేరాల లెక్క ఎట్లా పుడుతుందో నాకు నేర్పింది మాత్రం మునెమ్మే. లైసెన్సు లేకుండా రైల్లో అమ్మడం నేరం. నెలకిన్ని కేసులు చూపించమని పోలీసులకు పైనుంచి ఒత్తిడి. వెంటపడి పట్టుకునే ఓపిక వాళ్ళకు లేదు, పరిగెత్తే తీరిక అమ్ముకునే వీళ్ళకు లేదు. అందుకని వంతులు వేసుకున్నారు. వంతు వచ్చినవాళ్ళు తామే స్టేషనుకు పోయి, మేజిస్ట్రేటు ముందు తలూపి, జరిమానా కట్టి, మధ్యాహ్నం బండికి మళ్ళీ బుట్ట ఎత్తుకునేవాళ్ళు. తోటి అమ్మకందారు వల్లియమ్మ బాలింతగా ఉన్నప్పుడు ఆమె వంతుకు మూడుసార్లు మునెమ్మే పోయింది.

"పేరే గదా సార్ రాసుకునేది, అరిగిపోతాదా?" అని నవ్వింది.

1982లో ఆమె కూతురు వనజాక్షికి టీచరు ట్రైనింగులో సీటొచ్చింది. ఆ ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి పిల్ల. చేరాలంటే కుటుంబం నడవడి మంచిదని పోలీసుల సంతకం కావాలన్నారు. మునెమ్మ నన్ను తోడు తీసుకుని స్టేషనుకు పోయింది. హెడ్డు కానిస్టేబులు వరదన్ రిజిస్టరు తిరగేశాడు.

"పదిహేడు కేసులుండాయే. మంచిదని ఎట్ల రాసేది?"

"ఏందయ్యా! 'మునెమ్మా, ఈ నెల ఒకటి తగ్గింది, రా' అని బుట్టకాడికొచ్చి బతిమాలినావే, అది నువ్వు గాదా?"

"అదంతా రిజిస్టరులో లేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. తెలుగులో అరిచాను, ఇంగ్లీషులో అరిచాను, తమిళంలో తిట్టాను కూడా. ఏం లాభం? 'నేరాలు అలవాటైన కుటుంబం' అని రాసి ముద్ర గుద్దాడు. సీటు ఇంకెవరికో పోయింది.

ఆరునెలలకు మునెమ్మకు మోకాళ్ళు పట్టేశాయి. బుట్ట వనజాక్షి ఎత్తుకుంది. ఒకరోజు ప్లాట్‌ఫారం మీద వరదన్ ఆ పిల్ల ముందు నోటుబుక్కు తెరిచాడు. సిగ్గు ఎగ్గు ఉండక్కర్లేదూ!

"ఈ నెల మీయమ్మ వంతు. ఆమె రాలేదు గదా, నీ పేరు చెప్పు పాపా."

ఆ పిల్ల బుట్ట దించలేదు, తల దించలేదు.

"వనజాక్షి. ప్లస్ టూ, ఫస్టు క్లాసు. అది గూడా రాసుకోండి."

వరదన్ ఆ పిల్ల పేరు మాత్రమే రాసుకున్నాడు.