మేడ్చల్ ఎండలో అరబికా

సుచిత్ర చౌరస్తాలో కొత్తగా పెట్టిన కాఫీ దుకాణం ముందు నుంచి ఎప్పుడు వెళ్లినా గింజలు వేయించే వాసన నన్ను లోపలికి లాక్కుపోతుంది. గాజు తలుపు మీద 'అచ్చమైన అరబికా' అని రాశారు. అది చదివి మురిసిపోయేవాళ్లలో ఎంతమందికి అరబికా సంగతి తెలుసో గానీ, నాకు మాత్రం తెలుసు. గొప్పకు చెప్పడం లేదు. ఆ చెట్టును మేడ్చల్ ఎండలో పెంచిన ఇంట్లో పెరిగినదాన్ని నేను.

అమ్మ వాళ్ల నాన్న, మా తాతయ్య, పాడేరు కొండల్లో ఒక కాఫీ తోటలో జీవితమంతా మేస్త్రీగా పనిచేశాడు. అమ్మమ్మ పోయాక ఆయన్ని అక్కడ ఒంటరిగా వదలలేక అమ్మ మేడ్చల్ తీసుకొచ్చేసింది. నాన్నకు జీడిమెట్లలో ఉద్యోగం, మాది అప్పుడప్పుడే ఇళ్లు లేస్తున్న కాలనీ. తాతయ్య ఆటో దిగినప్పుడు ఒక చేతిలో బట్టల సంచీ, ఇంకో చేతిలో నల్ల కవరులో జానెడు కాఫీ మొక్క. గుమ్మం దాటకుండానే, "ఇది కాపు కాస్తే ఇక్కడుంటాను, లేదంటే నా కొండకి నేను పోతాను. ముందే చెప్తన్నాను, తర్వాత ఎవరూ ఏడవకండి" అన్నాడు. అమ్మ నవ్వేసింది. నాకు మాత్రం, ఆయన పక్కలో పడుకుని కొండల కబుర్లు వినడం మొదలుపెట్టిన నాలుగు రోజులకే, ఆ మాట తలుచుకుంటే భయం వేసేది. పంతం పడితే ఆయన బ్రహ్మదేవుడు చెప్పినా వినే రకం కాదు మరి.

మునగచెట్టు నీడలో నాటాడు దాన్ని. మేడ్చల్ ఎండాకాలం అంటే నేల పెనంలా కాలిపోయే కాలం. మధ్యాహ్నం వేళ మొక్క చుట్టూ తడిపిన గోనెపట్టాలు కట్టి, తాను మాత్రం తలకు తువ్వాలు చుట్టుకుని ఎండలో కూర్చునేవాడు. వానాకాలం కాల్చిన మొక్కజొన్న కంకులు, చలికాలం జామకాయలు, ఏది తింటున్నా కన్ను ఆ మొక్క మీదే. తెల్లారగానే అమ్మ ఫిల్టరులో మొదటి డికాక్షన్ దిగే వాసనకి లేచి, వేడి గ్లాసు ముందు పెట్టుకుని, పళ్లెంలో గింజలు పోసి నాకు పాఠం చెప్పేవాడు. "సూడమ్మలూ, నడుం మీద గీత వంకర తిరిగితే అరబికా, తిన్నగా ఉంటే రోబస్టా. రోబస్టా మొండిఘటం, ఎండకీ పురుగుకీ జడవదు, కాబట్టే అంత చేదు. అరబికాకి చలి కావాలి, నీడ కావాలి, తీరుబడిగా పండాలి. రోబస్టా నాలికని కొడతాది, అరబికా ముక్కుని పిలుస్తాది." చిక్కగా, నల్లగా ఉంటేనే మంచి కాఫీ అనుకునే మా నాన్న ఈ ముక్క వినీ వినగానే స్కూటరు తీసేవాడు.

మూడో వేసవిలో పడిన మొదటి వాన తర్వాత ఒక పొద్దున కొమ్మ కొమ్మకీ తెల్లటి పూలు విచ్చాయి. మల్లెల్ని మించిన వాసన వీధి చివరిదాకా వెళ్లింది. తాతయ్య ఆ పూట అన్నం కూడా చెట్టు దగ్గరే తిన్నాడు. మర్నాడు పొద్దున లేచి చూస్తే చెట్టు మీద ఒక్క పువ్వు లేదు!

మా కాలనీలో పొద్దున్నే కవరు పట్టుకుని ఎవరి గోడ మీద పూలు కనిపిస్తే వాళ్లవి పూజకు తెంపుకోవడం హక్కు. ఎదురింటి బాలవ్వ, శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే మల్లయ్య భార్య, గేటు తీసుకుని వచ్చి మరీ తెంపేసింది. నేను ఏడుస్తూ వెళ్లి నిలదీస్తే ఆమె నోరు నొక్కుకుంది. "అయ్యో బిడ్డా, కాఫీ దుకాన్ల దొరుకుతదని ఎర్క గని, గిట్ల శెట్టుకు పూస్తదని నాకేమెర్క? మస్తు వాసనొస్తాందని తెంపిన, పోచమ్మకు పెట్టిన. నా కోసమా ఏంది?"

ఇక తాతయ్య సంచీ సర్దుకుంటాడని నేను వెక్కి వెక్కి ఏడుస్తుంటే, ఆయన కళ్లజోడు పెట్టుకుని ఒక్కో కణుపూ వంగి చూశాడు. "ఏడుపాపు. రోబస్టా అయితే పక్కనింకో చెట్టుండాలి, దాని పుప్పొడి రావాలి. ఇది అరబికా, దాని పని అదే సూసుకుంటాది. నిన్ననే అయిపోయుంటాది. ఆవిడ లాగింది పువ్వుని, పిందె కణుపులోనే ఉంది" అన్నాడు. నన్ను ఊరడించడానికి చెప్తున్నాడనుకున్నాను. వానలు పడ్డాక మిరియపు గింజల్లా ఆకుపచ్చ పిందెలు కనిపించేదాకా నాకు నమ్మకం కుదరలేదు.

అప్పట్నుంచి బాలవ్వ చేపలు కడిగిన నీళ్లు గిన్నెతో తెచ్చి చెట్టు మొదట్లో పోసేది. వద్దంటే వినదు. చలికాలానికి కాయలు ఎర్రగా పండాయి. తియ్యటి తోలు మేం చప్పరించాం, గింజల్ని తాతయ్య నానబెట్టి, కడిగి, చేటలో ఎండబెట్టి, రోట్లో పైపొట్టు దంచి, ఇనుప మూకుడులో తానే వేయించాడు. అమ్మ డికాక్షన్ తీసింది. బాలవ్వతో సహా అందరం తలా రెండు గుక్కలు పంచుకున్నాం.

తాతయ్య గుక్క మింగి గ్లాసు కింద పెట్టేశాడు. "ఛీ, దరిద్రంగా ఉంది. ఎండకి జల్దీగా పండిపోయింది, కమ్మదనమే లేదు. చేపల వాసనొక్కటే తక్కువ!" అన్నాడు. మా ఊళ్లో ఉండి 'జల్దీ' కూడా నేర్చేసుకున్నాడు. బాలవ్వ మాత్రం "మంచిగనే ఉన్నది గద, ఊకె వంకలు పెడ్తడు" అని గ్లాసు ఊడ్చేసింది. నాకు నవ్వు రాలేదు. ఆయన చొక్కా పట్టుకుని, "అయితే వెళ్లిపోతావా?" అని అడిగాను.

"పిచ్చిదానా! కాస్తే ఉంటానన్నాను గానీ, బాగుంటే ఉంటానన్నానా?"

ఉన్నాడు. మా ఇంట్లోనే, మా మధ్యే, నేను కాలేజీకి వెళ్లిన ఏడు కన్ను మూశాడు. ఆ తర్వాతి ఎండాకాలానికి గోనెపట్టాలు తడిపే ఓపిక ఎవరికీ లేక చెట్టూ పోయింది. మునగచెట్టు పోయింది, ఇల్లు పోయింది, అక్కడ ఇప్పుడు అపార్ట్‌మెంటు. బాలవ్వ వాళ్లు కీసర వైపు వెళ్లిపోయారు. కవర్లు పట్టుకుని పూలు తెంపేవాళ్లు లేరు, తెంపడానికి గోడ మీద పూలూ లేవు. మంచి అరబికా ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతుంది, నేనూ తాగుతూనే ఉన్నాను. అంత చెడ్డ కాఫీయే ఇంకెక్కడా దొరకడం లేదు.