పానా గీత

బోరింగు హ్యాండిల్ రెండుసార్లు కొట్టి చూస్తే చాలు, రోగం ఎక్కడుందో చెప్పేస్తానని నాకో పొగరు ఉండేది. ఉట్టి పొగరు కాదు లెండి, శంషాబాద్ మండలంలో పన్నెండేళ్లు చేతిపంపులు బాగుచేసినవాణ్ణి. ఆ పనితనం చూసే ఒక నీళ్ల సంస్థ నన్ను జాంబియా పల్లెలకు తీసుకుపోయింది. అక్కడ బోర్లు వేయించి, మన ఊళ్లలో ఉండే రకం బోరింగులే బిగించి, ఊరికొకరికి రిపేరు పని నేర్పడం నా ఉద్యోగం.

కొత్త ఎయిర్‌పోర్టు మొదలైన మూడో ఏడు, అమ్మ కంటి ఆపరేషన్ కోసం సెలవు మీద మా ఊరు కొత్వాల్‌గూడ వచ్చాను. వచ్చిన పదో రోజు ఫోను మోగింది. అవతల మా పెద్దమ్మ. నాకేమీ చుట్టం కాదు, జాంబియాలో నా దగ్గర పని నేర్చుకున్న యాభై ఏళ్ల మనిషి. నేను పెద్దమ్మా అని పిలిస్తే ఆ పేరు ఆమెకు భలే నచ్చింది. ఆడదాని చేతికి పానాలా అని ఊళ్లో మగవాళ్లు నవ్వితే, నేను పంతం పట్టి నా సొంత పానాలే ఆమెకిచ్చాను. వాటిలో ఒకదాని అంచు కొద్దిగా విరిగి ఉండేది.

"నీళ్లు రావడం లేదు. హ్యాండిల్ ఉత్తినే ఊగుతోంది," అంది. "మూడు రోజుల నుంచి అందరూ మళ్లీ చెలిమ నీళ్లే తెచ్చుకుంటున్నారు."

ఆ చెలిమ నాకు తెలుసు. వాగు ఇసుకలో చేత్తో తోడిన గుంట. పశువులూ అందులోనే మూతి పెడతాయి. బోరింగు రాకముందు ఆ నీళ్లు తాగి వాంతులు, విరేచనాలతో పిల్లలు మంచం పట్టడం కళ్లారా చూశాను.

"పెద్దలంతా వచ్చి బోరింగు దగ్గరే కూర్చున్నారు. నేనే చెడగొట్టానంటున్నారు. ఇవాళ బాగుకాకపోతే పానాలు తీసేసుకుంటారట."

ఆమె చేతిలోంచి పానాలు పోతే ఆ ఊళ్లో బోరింగు విప్పగలవాళ్లు ఇంకెవరూ లేరు. ఇక ఎప్పటికీ చెలిమే గతి.

నిజం చెప్పాలి, నేనూ తప్పు ఆమెదే అనుకున్నాను. "గ్రీజు పెట్టావా అసలు? పిల్లల్ని హ్యాండిల్ మీద ఊగనిచ్చావా?" అని కసిరాను. ఏది ముందు విప్పాలో చెప్పమంది.

నాకు వాళ్ల భాష సగమే వచ్చు. ఏ నట్టు ఎక్కడుందో ఫోనులో చెప్పడం నా వల్ల కాలేదు. దాంతో సంచి భుజాన వేసుకుని మా వీధి చివర బోరింగు దగ్గరికి పోయాను. అక్కడ ఉన్నదీ ఇక్కడ ఉన్నదీ ఒకటే రకం. నేను ఇక్కడ ఒక్కొక్కటే విప్పుతూ చెబితే ఆమె అక్కడ విప్పుతుంది.

ఆ రోజు నల్లా వచ్చే రోజు కాదు. బోరింగు ముందు బిందెల వరస.

"ఏందన్నా గిది? మంచిగున్న బోరింగును ఇప్పుతున్నవేంది?" అని ముందున్న అక్క అడ్డం నిలబడింది.

"జర ఆగక్కా. ఆఫ్రికాల ఒక బోరింగు ఖరాబైంది. దాన్ని బాగుచేస్తున్న."

"గాడ ఖరాబైతే గీడ ఇప్పుతరా? దిమాక్ గిట్ల ఖరాబైందా నీకు?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది కానీ జవాబు చెప్పే తీరిక లేదు. నెత్తి మీదుగా విమానం పోయినప్పుడల్లా ఏమీ వినపడక "ఆగు, ఆగు" అని ఫోనులో అరిచేవాణ్ణి. అవతల పెద్దమ్మ ఆగేది. ఇవతల బిందెలవాళ్లు నన్ను తిట్టుకుంటూ ఆగేవారు.

ముందు మూతలు తీశాం. లోపల హ్యాండిల్‌కు చైను, చైను కింద నీళ్లు లాగే రాడ్డు ఉంటాయి. "రాడ్డు చైను నుంచి ఊడి కిందికి జారింది," అంది. మరలు తిప్పి బిగించిన రాడ్డు ఊరికే ఊడదు. అది కదలకుండా ఒక లాక్ నట్టు ఉంటుంది. మా బోరింగులో ఆ నట్టు చైనుకు ఆని గట్టిగా ఉంది, అంచుల మీద పానా పట్టిన గీతలు కనబడుతున్నాయి. నేను మొదటి రోజు చెప్పే పాఠమే అది. గీత లేని నట్టు బిగించని నట్టు.

"నీ నట్టు మీద గీత ఉందా?"

వెనక పెద్దల గొణుగుడు వినపడుతూనే ఉంది. మళ్లీ అడిగాను.

"నట్టు కొత్తదిలాగే ఉంది," అంది మెల్లగా.

దాన్ని ఆఖరున బిగించింది నేనే. సెలవుకు బయల్దేరే రోజు ఒక్క పూటలో నాలుగు బోరింగులు సర్వీసు చేశాను. జీపు డ్రైవరు హారన్ కొడుతుంటే, ఇంటి ధ్యాసలో ఆ నట్టును వేళ్లతో తిప్పి మూత వేసేశాను. పెద్దమ్మకు ఆ సంగతి నాకంటే ముందే అర్థమైంది. పదిమందిలో నా పరువు తీయడం ఇష్టం లేక ఊరుకుంది. అలాంటి మనిషిని నేను కసిరాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఫోను స్పీకర్లో పెట్టు, పెద్దలు వినాలి," అన్నాను. వచ్చీరాని భాషే అయినా ఆ మాటలు మాత్రం తడబడకుండా వచ్చాయి. "తప్పు ఈమెది కాదు. నట్టు బిగించనిది నేను. ఆ తప్పు పట్టుకున్నది ఈమె."

అవతల పెద్ద గోల. ఎవరో ముసలాయన పడీపడీ నవ్వాడు. ఆ గోలలోంచి, "తర్వాత ఏం విప్పాలి?" అంది పెద్దమ్మ.

రాడ్డు అందాలంటే బోరింగు తలకాయ మొత్తం దించాలి. ఆమెకు ఇద్దరు ఆడవాళ్లు సాయం వచ్చారట. నాకు ఇందాక తిట్టిన అక్కే కొంగు నడుముకు చుట్టుకుని వచ్చింది. ఆలోపే నా చేత సంగతంతా చెప్పించుకున్నారు బిందెలవాళ్లు. "మనది ముందొస్తదా, ఆల్లది ముందొస్తదా?" అని పందేలు మొదలయ్యాయి.

వాళ్లదే ముందొచ్చింది. ఫోనులో హ్యాండిల్ టకటకమంటూ వినిపించింది, కాసేపటికి బకెట్లో ధారగా నీళ్లు పడ్డాయి, వెంటనే ఆడవాళ్ల కేకలు. గెలిచాం! ఓడిన మా వీధివాళ్లు చప్పట్లు కొట్టారు. నలభై ఏళ్లవాణ్ణి, చేతిలో పానాతోనే గంతులేశాను.

"పానాలు నా దగ్గరే ఉంటాయి," అంది పెద్దమ్మ. "ఇక మీదట నువ్వు బిగించినవి కూడా నేను చూస్తాను."

మా బోరింగు తిరిగి బిగించి మూత వేయబోతే అక్క చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగన్నా. ఇగ మాకు గీత సూపియ్యి." వంగి లోపలికి చూసి, గీత కనబడ్డాకే బిందె పెట్టింది.

రెండు నెలలకు తిరిగి వెళ్లి, ఆ రోజు నేను సర్వీసు చేసిన మిగతా మూడు బోరింగులూ విప్పి చూశాను. పెద్దమ్మ అప్పటికే అన్నీ చూసి వెళ్లింది. విరిగిన అంచు పానా గీత ఎక్కడున్నా గుర్తుపడతాను. రెండింటిలో నా గీత పక్కన ఆమె గీత ఉంది. మూడోదానిలో ఆమె గీత ఒక్కటే ఉంది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, అందుకే నేను చెబుతున్నాను.