అవ్వ పేరు మీద ఉండిపోయిన గీత

ఇల్లు మారుతున్నామని నిన్న నాయన పాటల రికార్డులన్నీ అట్టపెట్టెల్లో సర్దుతున్నాను. మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, కవరు తీయగానే వచ్చే ఆ పాత అట్ట వాసన, ముల్లు ఆనగానే వినిపించే చిటపట. ఒక ప్లేటు మీద అడ్డంగా పెద్ద గీత కనిపించింది. నా చేతులు ఆగిపోయాయి.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. నాయన ఇంట్లో లేనప్పుడు ముల్లు లాగి ఆ ప్లేటు గీసింది నేనే. సాయంత్రం ఆయన అడిగితే, చూపు సరిగా లేని అవ్వను చూపించాను.

"దాన్నెందుకు తాకినావమ్మా?" అని నాయన ఆమెను కసురుకున్నాడు.

అవ్వ ఒకసారి నా వైపు తిరిగి, "కండ్లు ఆనలేదప్పా, తప్పయిపోయింది" అంది.

ఆ తర్వాత పాటలు పెడితే ఆమె హాల్లోకి వచ్చేది కాదు. వంటింటి గడప దగ్గరే కూర్చుని వినేది. పోయేదాకా అంతే.

నిన్న సాయానికి వచ్చిన తమ్ముడు ఆ ప్లేటు చూసి నవ్వాడు. "అవ్వ గీసిండే ప్లేటు గదక్కా ఇది!"

ఇన్నేళ్లూ ఇంట్లో ఎవరు ఆ మాట అన్నా నేనూ కలిసి నవ్వేదాన్ని. నిన్న నవ్వలేకపోయాను.

"అవ్వ కాదురా, నేను" అన్నాను.

వాడు నవ్వు ఆపి, "అవ్వకు తెలుసునా?" అని అడిగాడు.

"తెలుసు" అన్నాను, వాడి ముఖం చూడలేక.