బెజ్జం లేని దబ్బనం

సవేరియా పరుపులు కుట్టేది. మా కోర్సికా కొండల్లో ఆ పని వేసవిలోనే ఉంటుంది. జూన్ వచ్చిందంటే ఇంటింటికీ వెళ్ళి, పరుపులు విప్పి, గడ్డకట్టిన ఉన్ని ఉతికి, ఎండబెట్టి, ఏకి, మళ్ళీ కూరి కుట్టి ఇచ్చేది. మా ఊళ్ళో పుట్టినవాళ్ళు పుట్టిందీ, పోయినవాళ్ళు పోయిందీ ఆవిడ కుట్టిన పరుపుల మీదే. ఆవిడ పరుపు మీద పడుకోగా నేను చూసింది మాత్రం ఒక్కసారే. మిగతా కాలమంతా గోడకి ఆనించిన కుర్చీలో కూర్చునే నిద్రపోయేది. పడుకుంటే నిద్ర మరీ గాఢంగా పట్టేస్తుందని ఆవిడ భయం.

ఆ భయానికి కారణం ఉంది. సవేరియా మత్సేరా. కలలో వేటకి వెళ్ళే మనిషిని మేము అలా అంటాం. కలలో కింద ఏటి రేవు దగ్గర పొదల్లో కాపు కాస్తుంది. నీళ్ళకొచ్చిన అడవిపందినో మేకనో దుడ్డుకర్రతో కొడుతుంది. చచ్చినదాన్ని తిప్పి చూస్తే దాని మొహంలో ఊళ్ళోవాళ్ళెవరిదో మొహం కనిపిస్తుంది. ఏడాది తిరక్కుండా ఆ మనిషి పోతాడు. ఇందులో పగా ద్వేషం ఏమీ ఉండవు. పాపం ఆవిడకి కబురు ముందుగా తెలుస్తుంది, అంతకుమించి ఆవిడ చేసేదేం లేదు అని ఊళ్ళో సగం మంది అనేవాళ్ళు. కొట్టిన చెయ్యి ఆవిడదే కదా అని మిగతా సగం. ఆ మిగతా సగం కూడా జూన్ రాగానే పరుపులు ఆవిడకే ఇచ్చేవాళ్ళు. మా ఊరి సిగ్గు అంతటితో సరి.

మనిషి మత్సేరా ఎలా అవుతాడంటే, జ్ఞానస్నానం నాడు. బిడ్డని ఎత్తుకున్న జ్ఞానతల్లి విశ్వాస సంగ్రహం అనే ప్రార్థన మొత్తం తప్పు లేకుండా చెప్పాలి. ఒక్క మాట జారినా ఆ బిడ్డకి తలుపు సరిగ్గా మూసుకోదని, నిద్రలో బయటికి వెళ్ళిపోతుందని మా నమ్మకం. సవేరియాకి జ్ఞానతల్లి మా అమ్మ దివోతా. అప్పటికి నేను పుట్టలేదు.

"నేనొక్క మాట కూడా మింగలేదు," అనేది అమ్మ. ఎవరూ అడక్కపోయినా అనేది. గుడి మెట్ల మీద, చాకిరేవు దగ్గర, అన్నం ముందు కూర్చుని కూడా అనేది. ఊరు మాత్రం నమ్మలేదు. అమ్మ కొత్త చెప్పులు కరుస్తుంటే కాళ్ళకేసి చూసుకుంటూ చెప్పిందని ఒకళ్ళు, మధ్యలో దగ్గిందని ఒకళ్ళు. నలభై మూడేళ్ళు ఆ నిందని అమ్మ మెడ నిటారుగా పెట్టుకునే మోసింది. మంచిదే గానీ మహా మొండి మనిషి.

సవేరియా నాకంటే మూడేళ్ళు పెద్ద. అక్కా అనే పిలిచేదాన్ని. వేసవిలో ఉన్ని ఉతకడానికి నేనే సాయం వెళ్ళేదాన్ని కాబట్టి, ఆవిడ ఎవరికీ చెప్పనివి నాకు చెప్పేది.

"మొదట్లో నాకేం తెలిసేది కాదే నూన్సీ. పొద్దున్న లేస్తే పిక్కల నిండా ముళ్ళగీతలు, అంతే. ఎవరి చావుగంటో మోగితే అప్పుడు గుర్తొచ్చేది, అయ్యో వీడి మొహమే కదా చూశానని."

"ఇప్పుడు?"

"ఇప్పుడు లోపల ఉండగానే తెలుస్తుంది. ఇదిగో, దీనివల్ల." ఏప్రన్ జేబులోంచి పరుపులు కుట్టే దబ్బనం తీసి చూపించింది. జానెడు పొడవు. "కలలో కూడా ఇదే ఏప్రన్ కట్టుకుని ఉంటాను. జేబులో చెయ్యి పెడితే దబ్బనం ఉంటుంది. బెజ్జమే ఉండదు. ఎంత తడిమినా చివర నున్నగా తగుల్తుంది. ఓహో, ఇది కల అనుకుంటాను."

"అనుకుని ఆపెయ్యచ్చుగా?"

ఆవిడ నవ్వింది. "దగ్గొస్తోందని నీకు ముందే తెలుస్తుంది కదా. ఆపు చూద్దాం."

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఉన్ని పిండుతూ మిగతాది చెప్పింది. కల అని తెలిసిన తర్వాత కూడా చాలా ఏళ్ళు ఊరికే చూస్తూ ఉండిపోయిందట, ఎవరో తనని మోసుకెళ్తున్నట్టు. తర్వాత కళ్ళు తన మాట వినడం మొదలెట్టాయి. కొట్టకముందే జంతువు మొహం చూడగలిగేది. ఆపైన కాళ్ళు విన్నాయి. రేవుకి నెమ్మదిగా నడవగలిగేది, ఒకటి రెండుసార్లు ఆలస్యంగా వెళ్ళి జంతువుని తప్పించింది కూడా. చెయ్యి మాత్రం సగమే వింటుంది. కర్ర పైకి లేవకుండా ఆపలేదు గానీ, నెత్తి మీద పడేదాన్ని కాలి మీదకి మళ్ళించగలదు. అలా మళ్ళించిన మనిషి జబ్బుపడి లేస్తాడు, చావడు.

"ఆ చెయ్యి కూడా పూర్తిగా నాదైతే చాలు నూన్సీ. ఇంకేం అడగను."

పగలు అలవాటైందే కలలో చెయ్యి చేస్తుందని, రోజంతా దబ్బనం బెజ్జం బొటనగోటితో తడుముకుంటూ ఉండేది. మాట్లాడుతూ, సంకటి కలుపుతూ, పూజలో మోకరించి కూడా. ఊళ్ళో పిల్లలు ఆవిడ వెనకాల జేబులో చేతులు పెట్టుకుని నడిచేవాళ్ళు. దెబ్బ కాలి మీదకి మళ్ళిస్తుందన్న సంగతి ఎలాగో ఊళ్ళోకి పాకింది. కాఫీ కొట్టు గ్రాజియాను అయితే మొహం మీదే అనేవాడు.

"సవేరియా, నేను గానీ కనిపిస్తే కాళ్ళ మీదే వెయ్యమ్మా దెబ్బ. పేకాటకి కాళ్ళతో పని లేదు."

"నీ మొహంతో జంతువు ఉంటుందా గ్రాజియాను? నీళ్ళలో తన నీడ చూసుకుని అదే పారిపోతుంది."

అంత మాటకారి సవేరియా, పెద్ద యుద్ధం అయిపోయిన ఏడేళ్ళకి వచ్చిన జూన్‌లో మా ఇంటికి పరుపులు కుట్టడానికొచ్చి మూడు రోజులు నోరు విప్పలేదు. అమ్మ కేసి చూడనైనా చూడలేదు. అమ్మ అప్పటికి వారం కిందట మెట్ల మీద జారి చీలమండ వాచి, కర్ర పట్టుకుని నడుస్తోంది. మూడోనాడు చాకిరేవు దగ్గర నేనే అడిగాను.

"అమ్మేనా?"

తల ఊపింది. "ఆడపంది. తల తిప్పి చూసింది. దివోతమ్మ కళ్ళు. కాలి మీదకి మళ్ళించాను. కానీ ఒకసారి దెబ్బ తిన్నది మళ్ళీ అదే రేవుకొస్తుందే. ఈసారి నా చెయ్యి వింటుందో వినదో." అక్కడే రాతి మీద కూర్చుండిపోయింది. "నాకు ఆ మాటలు మళ్ళీ చెప్పించు. ఆవిడ నోటితోనే చెప్పాలి, మొదటినుంచీ చివరిదాకా. తలుపు మూసుకుంటే నేనక్కడికి పోనే పోను."

ఈ మాట అమ్మతో చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. చెప్పగానే చేతిలో కర్ర నేలకేసి కొట్టింది.

"ఇప్పుడు మళ్ళీ చెబితే అప్పుడు చెప్పలేదని ఒప్పుకున్నట్టేగా. ఊరంతా నవ్వడానికా?"

"ఊరు సంగతి ఎందుకమ్మా, నీ ప్రాణం సంగతి చూడు."

"డెబ్బై ఏళ్ళ ప్రాణం. దానికోసం పరువు తీసుకోమంటావా?"

"పోనీ, సవేరియా కోసం చెప్పు. నిన్ను కొట్టి అది ఎలా బతుకుతుంది?"

అమ్మ తల తిప్పి గుమ్మంకేసి చూసింది. బయట వాకిట్లో సవేరియా ఉన్ని ఏకుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. "శనివారం రమ్మను," అంది ఆఖరికి.

శనివారం పొద్దున గుడిలో నలుగురమే ఉన్నాం. ఫాదర్‌కి ఎడమ చెవి వినపడదు. అమ్మ సరిగ్గా ఎడమ పక్కనే నిలబడింది. నలభై మూడేళ్ళ మనిషి జ్ఞానస్నానపు తొట్టి ముందు పసిబిడ్డలా తల వంచింది. అమ్మ ఆ తల మీద చెయ్యి వేసి, గొంతు వణక్కుండా, ఒక్కో మాటా స్పష్టంగా మొదలుపెట్టింది. నేను వెనకాల నిలబడి అమ్మతో పాటు లోలోపల చెప్పుకుంటున్నాను. చిన్నప్పుడు సిస్టర్లు చేతివేళ్ళ మీద బద్దతో కొట్టి నేర్పిన పాఠం, నాకు తప్పదు.

"సిలువ వేయబడి, మరణించి, సమాధి చేయబడెను. మూడవ నాడు లేచెను," అంది అమ్మ.

మధ్యలో "పాతాళమునకు దిగెను" లేదు. అమ్మ దగ్గలేదు, తడబడలేదు, చెప్పులకేసి చూసుకోలేదు. ఆ మాట అమ్మకి అసలు రాదు. వాళ్ళమ్మ నేర్పినప్పుడే లేదేమో, పుట్టి బుద్ధెరిగాక ప్రతి ఆదివారం ఇలాగే చెప్పిందేమో. నేను మింగలేదు అని నలభై మూడేళ్ళు మొత్తుకున్నది అబద్ధం కాదు. పాపం.

నేను నోరు తెరవాల్సింది. తెరవలేదు. అమ్మ కళ్ళలో నీళ్ళు, నా జన్మలో మొదటిసారి చూశాను. సవేరియా తలెత్తినప్పుడు ఆ మొహం, ఎన్నో ఏళ్ళ జ్వరం దిగిన మొహం. ఒక్క మాటేగా, నయమైందని సవేరియా నమ్మితే చాలదా అనుకున్నాను. ఇంకొకటి కూడా ఉంది, దాచను. దగ్గకుండా, తడబడకుండా చెప్పి ఊరి నోటిమీద మా అమ్మ గెలిచిందని నాకు సంతోషంగా ఉండింది.

ఇంటికొచ్చాక సవేరియా దబ్బనాన్ని తన దారాల పెట్టెలో పడేసింది. "ఇంక దీన్ని తడుముతూ కూర్చోక్కర్లేదు," అంది. చెస్ట్‌నట్ పిండి సంకటి, పచ్చి మేకజున్ను కడుపునిండా తిన్నాం. అమ్మే స్వయంగా కొత్తగా కుట్టిన పరుపు పరిచింది.

"పడుకోవే. కుర్చీ నిద్రా ఒక నిద్రేనా."

సవేరియా మొదట అంచున కూర్చుంది. తర్వాత నెమ్మదిగా వెనక్కి వాలింది. తలుపు దగ్గరగా వేసి నేనూ అమ్మా గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచాం. మధ్యాహ్నం ఎండలో ఊరంతా కునుకులో ఉంది. గంట గడిచిందో ఏమో, లోపల ఏదో మెత్తగా పడిన చప్పుడైంది. వెళ్ళి చూశాను. ఆవిడ కుడిచెయ్యి గాల్లోకి లేచి ఉంది. నేను చూస్తుండగానే ఇంకోసారి పరుపు మీద పడింది, గట్టిగా. మొహం మాత్రం ప్రశాంతంగా ఉంది, పెదవుల మీద చిన్న నవ్వు. లేపుదామని రెండడుగులు వేసి ఆగిపోయాను. లేపి ఏం చెప్పను?

సాయంత్రం తనే లేచింది. "ఎంత హాయిగా పట్టిందే నిద్ర. ఏళ్ళయింది ఇలా పట్టి."

"కలేమైనా వచ్చిందా అక్కా?"

"ఏం గుర్తు లేదు," అంది నవ్వుతూ. మంచం దిగబోతూ కాళ్ళకేసి చూసుకుంది. పిక్కల మీద సన్నగా, ఎర్రగా ముళ్ళగీతలు. ఆ నవ్వు అలాగే ఉండిపోయి, దాని వెనక మనిషి లేకుండా పోయింది. ఇన్నేళ్ళు కష్టపడి ఒక్కో మెట్టూ ఎక్కిన మనిషి, ఒక్క మధ్యాహ్నంలో మళ్ళీ మొదటి మెట్టు మీద పడింది. దబ్బనం జేబులో లేదు. తడుముకోవాలన్న ఆలోచనే చేతికి లేదు.

అమ్మ అక్టోబరులో పోయింది, చెస్ట్‌నట్‌లు రాలుతున్న రోజుల్లో. రెండ్రోజుల జ్వరం, అంతే. చావుగంట మోగిన కాసేపటికి సవేరియా వచ్చింది. గడప దగ్గరే ఆగింది.

"గుర్తొచ్చింది," అంది. "ఆ మధ్యాహ్నం. తల మీదే."

ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది.

"నూన్సీ, నువ్వు అక్కడే ఉన్నావు కదా. ఆరోజు అన్ని మాటలూ పలికిందా?"

అమ్మ శవం ఇంకా మంచం మీదే ఉంది. ఊరి ఆడవాళ్ళంతా నల్లబట్టల్లో చుట్టూ కూర్చుని మాకేసే చెవులు రిక్కించారు. "పలికింది," అన్నాను. "ఒక్కటీ పోలేదు."

"అయితే లోపం మాటల్లో లేదన్నమాట," అంది మెల్లగా. "నాలోనే ఉంది."

ఆ తర్వాత సవేరియా పరుపులు కుట్టడం మానేసింది. మా గడప మళ్ళీ తొక్కలేదు. దారాల పెట్టెలోంచి దబ్బనం తీసుకుని, కుర్చీలో కూర్చుని, తొమ్మిదేళ్ళు దాని బెజ్జం తడుముతూ బతికింది. గోరు పగిలిపోయింది. నేను వారానికోసారి రొట్టె ఇచ్చొచ్చేదాన్ని. నిజం చెప్పాలని ప్రతిసారీ బయల్దేరేదాన్ని.

ఆఖరి వసంతంలో ఒకరోజు నేను రొట్టె పెట్టి లేవబోతుంటే, "కూర్చో," అంది. "మొన్న నిన్ను చూశాను."

నా చూపు ఆవిడ చేతుల మీదకి పోయింది.

"భయపడకు. కొట్టలేదు. కర్ర కింద పెట్టేశాను. చెయ్యి విన్నది నూన్సీ, పూర్తిగా విన్నది." ఆ అలసిన కళ్ళలో ఎంత గర్వమో. "మేకపిల్ల. తలెత్తితే నీ మొహం. దబ్బనం తడిమాను, బెజ్జం లేదు. కల అని తెలిసింది. అయినా చెయ్యి లేస్తోంది. అప్పుడనుకున్నాను, ఈ ఊళ్ళో నాతో ఒక్క అబద్ధం కూడా ఆడని మనిషి ఇదొక్కతే, దీన్ని ఎలా కొడతానని. అంతే, ఆగిపోయింది."

నేను రొట్టె మీది గుడ్డ సర్దాను. వెళ్ళొస్తానక్కా అన్నాను. వచ్చేశాను.

ఏడాది తిరక్కుండా పోయింది ఆవిడే. కుర్చీలోనే. ఎవరూ వద్దనుకున్న సామాన్లలోంచి దబ్బనం నేను తెచ్చుకున్నాను. ఇప్పుడు నాకు అమ్మ పోయిన వయసు దాటింది. గుడిలో ఆ మాటలు చెప్పేటప్పుడు, పరుపు మీద నిద్ర రానప్పుడు, జేబులో చెయ్యి పెట్టి తడుముకుంటాను. ఒక్కసారైనా చివర నున్నగా తగిలితే బాగుండునని. బెజ్జం ఉంటుంది. ప్రతిసారీ ఉంటుంది.