ఇంటిబెల్లు

మొన్న మా వీధిలో ఉండే టీచరమ్మ బాపట్లలో ఏదో శిక్షణకు వెళ్ళొచ్చి, అక్కడ తీసిన వీడియో నా ఫోనుకు పంపింది. ఏసీ హాలు, అందరి ముందూ బిస్కెట్ల ప్లేట్లు, గోడకు పెద్ద తెర. తుపానుల్లోనూ గొడవల్లోనూ ఊళ్ళు వదిలి వచ్చిన పిల్లలకు పాఠం ఎలా చెప్పాలో కోటు వేసుకున్నాయన వివరిస్తున్నాడు. పెద్ద చప్పుళ్ళు వద్దట. ఏది చేసినా ముందు చెప్పి చెయ్యాలట. రేపేం జరుగుతుందో పిల్లకు ఇవాళే తెలిసి ఉండాలట. హాలంతా చప్పట్లు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఈ మాటలన్నీ మా వదిన ఏనాడో చేసి చూపించింది. అప్పుడు ఆవిడకు దక్కింది చప్పట్లు కాదు, మెమో.

వదినంటే మా అన్నయ్య భార్య. అప్పట్లో నగరం అనే ఊరి దగ్గర ఒక బళ్ళో ఇద్దరం టీచర్లం. పొద్దున్నే తెనాలిలో రేపల్లె రైలెక్కి, దిగి ఆటో పట్టుకునేవాళ్ళం. దారంతా ఆవిడ క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని, "నీ గొంతుకి మైకు దండగ అమ్మాయ్" అని నన్ను ఆటపట్టించేది. మా బడి గంటంటే వరండా దూలానికి వేలాడే రైలుపట్టా ముక్క. పీరియడు మారితే ఒకటో రెండో దెబ్బలు. సాయంత్రం మాత్రం ఆయా ఆపకుండా వాయించేది. అదే ఇంటిబెల్లు. ఆ మోత వినగానే పిల్లలు సంచులు ఎగరేసుకుంటూ గేటు మీద పడేవాళ్ళు. ఆయాకి అది ఉద్యోగం కాదు, కచేరీ.

తుపానొచ్చిన ఏడు నిజాంపట్నం అవతల ఒక పాలెం కొట్టుకుపోయింది. ఆ కుటుంబాలను తెచ్చి మా బడి వెనక భవనంలో ఉంచారు. పిల్లల్ని మా తరగతుల్లో కూర్చోబెట్టారు. వదిన చెప్పే నాలుగో తరగతిలోకి అలా ఒక పిల్ల వచ్చింది. మాట్లాడేది కాదు గానీ పొద్దంతా బుద్ధిగానే ఉండేది. ఇంటిబెల్లు మోగిందా, కిటికీ ఊచలు రెండు చేతులా పట్టుకుని వణికిపోయేది. వేళ్ళు విడదీద్దామన్నా వచ్చేవి కావు. గౌను తడిసిపోయేది. మిగతా పిల్లలు నవ్వేవాళ్ళు. మా హెడ్మాస్టరుగారు విసుక్కునేవాడు. "నాటకాలండీ ఇవన్నీ. ఉండేది ఈ ఆవరణలోనే కదా, మరి ఈ గొడవేంటండి? ఇలాగే ఉంటే పేరు తీసేద్దాం" అన్నాడు.

వదిన నన్ను వెంటబెట్టుకుని వెనక భవనానికి వెళ్ళి ఆ పిల్ల నాయనమ్మను అడిగింది. ముసలమ్మ కళ్ళెత్తకుండానే చెప్పింది: "తుపాను రోజు అమ్మోరి గుళ్ళో గంట ఆపకుండా కొట్టారమ్మగారూ. అది ఇనే ఇళ్ళొదిలి పరిగెట్టాం. పడవ గట్టిగా కట్టొత్తానని మావోడు ఎనక్కెళ్ళాడు. దీని నాన్నేనండి. మళ్ళీ రాలేదు." మా పిల్లలకు అది ఇంటికి పొమ్మనే గంట, ఆ పిల్లకు ఇల్లు పోయిన గంట. పక్కనే ఉన్న మనిషిని ఒక్క మాట అడిగితే తెలిసే సంగతికి మేమందరం నాటకమని పేరు పెట్టుకుని కూర్చున్నాం.

హెడ్మాస్టరుగారిని బతిమాలి వదిన ఇంటిబెల్లు ఆపించింది. సాయంత్రం తనే తరగతి తరగతికీ తిరిగి, "అయిపోయింది, వెళ్ళిరండి" అని చెప్పేది. ఆయా, "గంట కొట్టకపోతే ఇంక నేనెందుకమ్మా?" అని అలిగింది. ఆటోవాళ్ళు గేటు దగ్గర సణిగారు. వదిన ఎవరినీ లెక్కచెయ్యలేదు. ఆ పిల్లతో మాత్రం రోజూ అవే మాటలు: "తలుపేస్తున్నానమ్మా, చప్పుడవుతుంది." "రేపూ ఈ బెంచీ నీదే." "ఆ గంట ఇక్కడ మోగదు, నాది పూచీ." చలి తగ్గేవేళకి ఒక రోజు వదిన పరధ్యానంలో తలుపు ధడాలున వేసింది. ఆ పిల్ల లేచి నిలబడి, "చెప్పకుండా ఏసేశారేంటండి?" అంది. మా బళ్ళో దాని మొదటి మాట అదే, అదీ గద్దింపు! ఆ సాయంత్రం రైల్లో పెట్టె పెట్టెంతా వినేలా ఆ గద్దింపును చెప్పి చెప్పి వదిన మురిసిపోయింది.

తర్వాత పైనుంచి ఒక అధికారి తనిఖీకి వచ్చాడు. గంట లేని బడేంటని అడుగుతాడేమోనని హెడ్మాస్టరుగారికి భయం. వదినకు మాటమాత్రం చెప్పకుండా ఆయాకి సైగ చేశాడు. ఆయా అన్నాళ్ళ ఉపవాసమూ తీర్చుకుంది. నేను పరిగెత్తుకుని వెళ్ళేసరికి ఆ పిల్ల కిటికీ పట్టుకునే ఉంది. ఈసారి వణకడం లేదు. వదిన వంకే చూస్తోంది. "నేను కాదమ్మా" అంది వదిన. ఆ పిల్ల తల తిప్పేసుకుంది. మళ్ళీ ఆవిడతో మాట్లాడలేదు. కొద్దిరోజులకే ఆ కుటుంబాలను రేపల్లె అవతల ఏదో కాలనీకి తరలించారు. ఎక్కడని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేదు. అధికారి మా గంటను మెచ్చుకుని వెళ్ళాడు. గంట ఆపించి బడి వేళలు పాటించడం లేదని వదినకు మెమో వచ్చింది. నాకు ఆ హెడ్మాస్టరు మీద కోపం ఇప్పటికీ పోలేదు, పోవాలని కూడా లేదు.

నిన్న వదిన ఇంటికెళ్ళి ఆ వీడియో చూపించాను. కళ్ళజోడు సవరించుకుని చివరిదాకా చూసింది. "బాగానే చెప్పాడు" అంది.

"ఇప్పుడు చెప్తే ఏం లాభం వదినా?" అన్నాను.

ఆవిడ ఫోను నా చేతిలో పెట్టింది. లేచి వంటింటి వైపు వెళ్తూ, "తలుపేస్తున్నానమ్మాయ్, చప్పుడవుతుంది" అంది.

శిక్షణలు ఏటేటా వస్తూనే ఉంటాయి. ఆ పిల్లకు నాలుగో తరగతి ఒక్కసారే వచ్చింది.