ఆఫీసరుకు లాటిన్ పాఠం

కెనడా ఇమిగ్రేషన్ ఆఫీసరు అడిగింది ఒక్క ముక్క: ఒక టర్మ్ ఎందుకు మానేశావు, కాలేజీ ఎందుకు మారావు? శుక్రవారంలోగా జవాబు పంపకపోతే స్టడీ పర్మిట్ పొడిగించరు. ఎటోబికోలో మా బేస్‌మెంట్‌లో అద్దెకున్న కరీంనగర్ అమ్మాయి నాకు చూపించిన జవాబు మాత్రం లాటిన్‌తో మొదలైంది.

‘కాలేజీ’ అన్న మాట లాటిన్ ‘కొల్లేగియుం’ నుంచి పుట్టిందట. ఒకే కట్టుబాటు గల మనుషుల కూటమి అని అర్థమట. ఫ్రాన్సులో పదకొండేళ్ల పిల్లలు చేరే బడిని అలా అంటారట. స్పెయిన్‌లో ఇంకా చిన్నపిల్లల బడిని, ఇటలీలో హాస్టలున్న బడిని, జర్మనీలో పెద్దవాళ్లు మళ్లీ చదువుకునే చోటును. ఇన్ని దేశాలు తిప్పి, రెండో పేజీ అడుగున, “అందుచేత విద్యపై మక్కువతో కాలేజీ మారితిని” అని తేల్చారు. తప్పు పడదామని నిఘంటువు తీశాను. అన్నీ ఒప్పులే. ఒళ్లు ఇంకా మండింది.

“ఎవరు రాశారిది?”

“కన్సల్టెన్సీ అన్న, ఆంటీ. మా ఇద్దరు రూమ్మేట్స్‌కి గూడ గిదే ఇచ్చిండు. ఫార్మాట్ ముట్టుకోవద్దన్నడు.”

“ముగ్గురూ ఇదే లాటిన్ పంపిస్తే ఆఫీసరుకు కళ్లుండవా?”

హైదరాబాద్‌లో ఉన్న ఆ అన్నకు ఫోన్ చేయించాను.

“మేడమ్, యూరప్ హిస్టరీ పెడితే లెటర్‌కి వెయిట్ ఉంటదండి,” అన్నాడతను.

“బరువు కొరియర్‌కి కావాలి నాయనా. ఇది అప్‌లోడ్ చేసేది.”

విమానాల నిండా పిల్లలు దిగుతున్న రోజులవి. అందరి కష్టానికీ ఈ కన్సల్టెన్సీలవాళ్లు ఒకటే ఉత్తరం కుట్టి పంపేవారు, స్కూలు యూనిఫాంలాగా.

“అసలేం జరిగింది?” అని ఆ పిల్లను గట్టిగా అడిగాను. రెండు సబ్జెక్టులు తప్పిందట. సిగ్గుపడి ఆ తర్వాతి టర్మంతా గది దాటలేదట. మళ్లీ అక్కడ మొహం చూపించలేక వేరే కాలేజీలో చేరిందట. ఇంట్లో ఇంటర్న్‌షిప్ అని చెప్పిందట.

“అదే రాయి. మార్కుల షీట్లు జత చెయ్యి.”

“రిజెక్ట్ చేస్తే?”

“చేయొచ్చు. కానీ ఈ లాటిన్‌కి తప్పకుండా చేస్తారు.”

గంటసేపు టైప్ చేసి నాలుగు వాక్యాలు తేల్చింది.

“గింతేనా ఆంటీ? ఖాళీగ కనబడ్తలేదా?”

“కనబడనీ.”

సబ్మిట్ దగ్గర వేలు ఆపింది. “ఆఫీసరు కంటె ముందు మా అమ్మకు తెల్వాలె,” అంటూ ఫోన్ కలిపింది. చెప్పేసింది. అవతల ఆవిడ కేకలు నాకూ వినిపించాయి. ఆ పిల్ల ఫోను పెట్టేయలేదు. “ఊఁ అమ్మా, ఊఁ,” అంటూనే రెండో చేత్తో సబ్మిట్ నొక్కింది.