చెరువు గట్టు మీద లోకల్ ఛానల్

కలిదిండి దగ్గర మా చేపల చెరువుకు టీవీయే కాపలా. చీకటి పడగానే గట్టు మీది షెడ్డులో టీవీ పెట్టి, లోకల్ ఛానల్‌లో వచ్చే పాత పాటలు పెద్దగా వదిలేసి ఇంటికి వస్తాను. పాట వినబడితే లోపల మనుషులున్నారనుకుని దొంగ వల వెయ్యడు. మా వైపు చాలామంది చేసే పనే ఇది.

సరిగ్గా చేపల పట్టుబడి దగ్గర పడ్డాక ఆ పాటలు ఆగిపోయాయి. కొట్ల ప్రకటనల బొమ్మలు తిరుగుతున్నాయి, శబ్దం లేదు. షెడ్డుకు వచ్చేది ఆ ఒక్క ఛానలే. కేబుల్ నడిపేది మా బావమరిది. నేనెవరినీ తేలిగ్గా నమ్మను, బావమరిదిని అసలే నమ్మను. లైను ఎవరికో అమ్మేసి ఉంటాడనుకుని అతని ఆఫీసుకు వెళ్లాను.

"పాటల హక్కులవాళ్లు ఫీజు కట్టమంటున్నారు బావగారూ. కట్టకుండా వేస్తే కేసండి."

"మరి నెలనెలా ఇంటింటికీ వసూలు చేస్తున్నావుగా?"

"అందులో ఛానళ్ల వాటా ఛానళ్లకే పోద్దండి. రూల్సన్నీ పైనుంచి వస్తాయి. నేను రేటు పెంచితే మీరే డిష్షు పెట్టించేసుకుంటారు. నాకు మిగిలేది ఈ తీగలేనండి."

అంత చక్కగా చెప్పాడంటే ఎక్కడో తేడా ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. "దొంగ వెధవా! నాకు తెలియదనుకున్నావా? కదిలావంటే కాళ్లు విరగ్గొడతా!" అని కేకలేసి వచ్చేశాను. బల్ల మీద ప్రకటనలు చదివి రికార్డు చేసే మైకు ఉంది. అది ఆన్‌లో ఉన్న సంగతి నాకేం తెలుసు?

ఆ సాయంత్రం కూడా అలవాటు కొద్దీ టీవీ పెట్టే వచ్చాను. తెల్లారి మేత బస్తాతో గట్టెక్కేసరికి షెడ్డులో ఎవడో అరుస్తున్నాడు. చేపలు పోయాయనుకుని పరుగెత్తాను. తీరా చూస్తే టీవీలో నా గొంతే. "దొంగ వెధవా!" అయిపోగానే మళ్లీ మొదలు. చెరువు మాత్రం చెక్కు చెదరలేదు.

బావమరిదికి ఫోన్ చేస్తే నవ్వుతున్నాడు. "పాటలకైతే ఫీజులండి, మీ తిట్లకి ఎవరడుగుతారు? మిగతా చెరువులవాళ్లు కూడా ఇదే ఉంచమంటున్నారండి."

పట్టుబడి అయ్యేదాకా ఒక్క చేప పోలేదు. సంతోషించానా? లేదు. అన్ని చెరువుల వాళ్లూ కనెక్షన్ వదలకుండా ఉన్నారంటే, ఇతను నా గొంతు మీద సంపాదిస్తున్నట్టే కదా! ఆ అనుమానం నన్ను సరిగా నిద్రపోనివ్వలేదు. వెళ్లి అడిగేశాను.

"నా గొంతుకి నాకేం ఇస్తావు?"

బావమరిది నవ్వు ఆపేశాడు. ముందు మైకు కట్టేశాడు. తర్వాత నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"మిమ్మల్ని ఆ ఫీజులవాళ్లు పంపారాండి?"